గడప మీద గేజు

ఆ ఆదివారం ఉదయం శ్రీరామచంద్రమూర్తిగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం, సంధ్య, రెండు ఇడ్లీలు, ఎనిమిదింటి రైలు, బాపట్ల. అక్కడ జిల్లా రైఫిల్ పోటీలు. తెనాలి కాలేజీలో ముప్ఫై రెండేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మూర్తిగారు ఆ పోటీల్లో పాతికేళ్ళుగా మార్కులు వేసే పెద్ద జడ్జి. ఆయన వస్తేనే ఫలితం.

ఆయన కోపం గురించి ముందే చెప్పుకోవడం మంచిది. కారణం లేకుండా కోపం వస్తుందని వీధిలో అంటారు కానీ అది అన్యాయం. కారణం ఎప్పుడూ ఉంటుంది, చిన్నది. పేపరు మడత తప్పితే కోపం. ఇడ్లీ చల్లారితే కోపం. ఎవరైనా 'సుమారుగా' అనే మాట వాడితే మాత్రం పట్టలేని కోపం. ఈ దేశం ఇలా ఉండటానికి ఆ ఒక్క మాటే కారణమని ఆయన గట్టి నమ్మకం.

అలాంటి మనిషికి తగిన పనిముట్టు గేజు. రైఫిల్ గుండు యాభై మీటర్ల దూరంలోని కాగితం మీద చిన్న చిల్లు పెడుతుంది. అది పది మార్కుల గీతను తాకిందా, తాకకుండా తొమ్మిదిలో ఉండిపోయిందా అన్నది ఒక్కోసారి కంటికి అందదు. అప్పుడు గేజు తీస్తారు. చిటికెన వేలంత ఉక్కు ముక్క అది. కింద సన్నటి కాడ, కాడ పైన గుండు కొలతకు సరిపోయే గుండ్రటి అంచు, ఆ పైన పట్టుకోవడానికి పిడి. కాడను చిల్లులో దింపి భూతద్దంతో చూస్తారు. అంచు గీతను వెంట్రుకవాసి తాకినా పై మార్కు, లేకపోతే కింది మార్కు. ఒక చిల్లులో గేజు ఒక్కసారే దింపాలి, ఎందుకంటే రెండోసారికి కాగితం సాగుతుంది. కాబట్టి జడ్జి ఒకసారి అన్న మాట అన్నట్టే. ఈ లోకంలో మూర్తిగారికి పూర్తిగా నచ్చిన నియమం అదొక్కటే.

ఆరున్నరకు ఆయన మఖమలు పెట్టె తెరిచారు. భూతద్దం ఉంది. గేజు లేదు.

ఇల్లు అదిరేలా కేక పెట్టగానే భ్రమరాంబగారు వంటింట్లోంచి తొణక్కుండా వచ్చారు. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడకు కేకల్లో రకాలు తెలిసిపోయాయి.

"అదా, గడప బొట్లకు తీశానండి," అన్నారు.

మూర్తిగారికి ఆ వాక్యం అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఆవిడ నిదానంగా వివరించారు. వేళ్ళు వంకర్లు పోతున్నాయి, కుంకుమ బొట్టు ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అవుతోంది. ఆ ఇనప పుల్ల కొసను తడి కుంకుమలో అద్ది పెడితే పసుపు రాసిన గడప మీద ముత్యాల్లా వస్తున్నాయి. ఏడాదిగా ప్రతి శుక్రవారం దాంతోనే పెట్టి, కడిగి, పెట్టెలో పెట్టేస్తున్నారు.

"ఏడాదిగానా?"

"రోజూ ఆ గడప దాటే వెళ్తున్నారుగా. చూళ్ళేదా?"

వెంట్రుకవాసి తేడా పట్టగల మనిషి దీనికి జవాబుగా ఇంకా గట్టిగా కేకలు వేశారు. జడ్జి తప్ప ఎవరూ ముట్టుకోకూడని వస్తువని, నూరో వంతు మిల్లీమీటరు అరిగినా ఒక మనిషి జీవితం తారుమారవుతుందని చెప్పారు. భ్రమరాంబగారు అంతా విని, అసలు సంగతి అప్పుడు చెప్పారు. గేజు ఇంట్లో లేదు. పక్క వాటాలో ఉండే ఉషశ్రీ ఆ బొట్లు చూసి ముచ్చటపడి నిన్న సాయంత్రం అడిగి పట్టుకెళ్ళింది. రేపల్లెలో ఆమె మేనమామగారి గృహప్రవేశం. ఇంటినిండా గడపలేనట.

ఉషశ్రీకి నాలుగుసార్లు ఫోన్ చేస్తే నాలుగుసార్లూ మోగి ఆగిపోయింది. ఇడ్లీలు పళ్ళెంలోనే ఉండిపోయాయి. మూర్తిగారు పెట్టె చంకలో పెట్టుకుని, బాపట్ల రైలు ఎక్కాల్సిన మనిషి, రేపల్లె రైలు ఎక్కారు.

వేమూరు దాటేదాకా ఆయన ఉషశ్రీని ఏమనాలో తయారు చేసుకున్నారు. భట్టిప్రోలు వచ్చేసరికి ఆ మేనమామగారినీ కలిపారు. పెదవులు గట్టిగానే కదులుతున్నాయేమో, ఎదురు సీట్లో ఆవిడ బుట్ట తీసుకుని పక్క పెట్టెలోకి వెళ్ళిపోయింది. రేపల్లెలో దిగి ఆటో ఎక్కి గృహప్రవేశం ఇల్లు అన్నారు. ఆటో అతను అడ్రసు అడగలేదు. ఊళ్ళో ఆ రోజు అంత పెద్ద ఇల్లు అదొక్కటే.

వీధి మొదట్లో పూల ఆర్చీ, దాని మీద ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద గృహస్థు ఫొటో, పేరు. పేరు చదవగానే మూర్తిగారి కాలు అక్కడే ఆగిపోయింది. చెంచురామయ్య.

ఇరవై ఒక్క ఏళ్ళ కిందటి మాట. చెంచురామయ్య అప్పుడు ముప్ఫై ఏళ్ళవాడు, పొలం పనులు చూసుకుంటూ రైఫిల్ పట్టేవాడు. బాపట్లలో ఇవే పోటీలు. రాష్ట్ర జట్టుకు వెళ్ళాలంటే ఆరొందలకు అయిదువందల డెబ్భై అయిదు రావాలి. అన్నీ లెక్కపెట్టగా ఒక్క చిల్లు మిగిలింది. అది పదయితే వెళ్తాడు, తొమ్మిదయితే ఆగిపోతాడు. మూర్తిగారు గేజు దింపి, చూసి, తొమ్మిది అన్నారు. ఆ రోజు నుంచి చెంచురామయ్య ఆయనతో మాట్లాడలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే నమస్కారానికి బదులు ఒక వేలు మడిచి, తొమ్మిది వేళ్ళు చూపించి పక్కకు వెళ్ళిపోయేవాడు. మూర్తిగారికి ఆ రోజంతా అన్నం సహించేది కాదు.

వెనక్కి వెళ్ళిపోదామంటే గేజు లోపల ఉంది. గేజు లేకపోతే బాపట్లలో ఫలితం లేదు. పళ్ళు కొరుక్కుంటూ లోపలికి నడిచారు.

ఉషశ్రీ రెండో అంతస్తులో గడప ముందు కూర్చుని, గేజును చెక్కలోకి దిగేట్టు నొక్కుతోంది. మూర్తిగారు రైల్లో తయారు చేసుకున్నదంతా నాలుక మీదికి వచ్చింది. కానీ కింద హాల్లో పురోహితుడి మంత్రం నడుస్తోంది, పక్కన పాతికమంది ఆడవాళ్ళు ఉన్నారు. గొంతు తగ్గించి, పళ్ళ మధ్యనుంచి, అది ఇలా ఇచ్చేయమన్నారు. ఉషశ్రీ బిక్కమొహం వేసింది. అప్పుడు ఇంటి ఇల్లాలు వెంకటరత్నమ్మ వచ్చింది. ఆవిడ ఆయన్ని ఎన్నడూ చూడలేదు. మేనకోడలి పక్కింటి పెద్దమనిషి అనుకుంది.

"సగం గడపలకు పెట్టి ఆపకూడదండి అన్నయ్యగారూ. ఇంకా నాలుగే ఉన్నాయి," అంది.

వాదిస్తే గంట పడుతుంది. పైగా ఉషశ్రీ ఇంకో నాలుగు గడపలు ఆ నొక్కుడు నొక్కితే కాడ వంగుతుంది. మూర్తిగారు ఉత్తరీయం నడుముకు చుట్టి, గేజు లాక్కుని, గడప ముందు చతికిలబడ్డారు. బొట్లు ఊడిపోకుండా వెంకటరత్నమ్మ కుంకుమను ఆముదంతో చిక్కగా కలిపించింది. ఆయన కొస అద్ది, సమాన దూరాల్లో, ఒక్కటి కూడా తేడా రాకుండా పెట్టుకుంటూ పోయారు. నాలుగో గడపకైతే జానలతో కొలిచి మరీ పెట్టారు. ఇంత చక్కటి పని చేస్తున్నందుకు ఆయనకు తన మీద తనకే మండిపోతోంది.

మెట్లెక్కి వచ్చిన చెంచురామయ్య చూసిన దృశ్యం ఇది. ఇరవై ఒక్క ఏళ్ళ శత్రువు తన వంటింటి గడప ముందు మోకాళ్ళ మీద వంగి బొట్లు పెడుతున్నాడు.

చెంచురామయ్యకు ఒకటే అర్థమైంది. పెద్దాయన మనసు మార్చుకుని, క్షమాపణ చెప్పుకోవడానికి నోరు రాక, ఇలా చేతలతో చెప్పుకుంటున్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోపలికి వెళ్ళి పట్టు కండువా తెచ్చి మూర్తిగారి భుజాన కప్పాడు.

"ఇన్నాళ్ళకు మా గడప దగ్గరికి వచ్చారు మాస్టారూ," అన్నాడు.

మూర్తిగారు అబద్ధం చెప్పలేరు. అది ఆయన గొప్పా, ఆయన తంటా కూడా. తాను గేజు కోసం వచ్చానని, ఇల్లు ఎవరిదో ముందే తెలిసుంటే ఎవర్నయినా పంపేవాణ్ణని ఉన్నదున్నట్టు చెప్పేశారు. చెంచురామయ్య ఆయన చేతిలోని వస్తువును అప్పుడు పోల్చుకున్నాడు. ముఖం కుంకుమ రంగుకు తిరిగింది.

"నా పది లాక్కున్న దాంతోనా నా ఇంటికి బొట్లు పెట్టారు?"

వెంటనే అన్ని గడపలూ కడిగేయమని ఇల్లంతా వినబడేలా అరిచాడు. పెట్టిన బొట్టు కడిగితే తానూ ఈ ఇంట్లో అడుగుపెట్టనని వెంకటరత్నమ్మ అంతకంటే నెమ్మదిగా చెప్పింది. గడపలు కడగలేదు. చెంచురామయ్య మూర్తిగారిని చెయ్యి పట్టుకుని హాల్లోకి లాక్కెళ్ళి గోడ చూపించాడు. దేవుళ్ళ పటాల పక్కనే అద్దాల ఫ్రేములో ఆనాటి కాగితం. నడుమ చిల్లు, పక్కన ఎర్ర సిరాతో తొమ్మిది, కింద మూర్తిగారి సంతకం. ప్రతి చుట్టానికీ ఇది చూపించి ఈ కథ చెబుతానని చెంచురామయ్య అన్నాడు. మూర్తిగారు కాసేపు పరికించి, ఫ్రేము ఎడమ వైపుకు కొంచెం వంగి ఉందన్నారు.

ఆ తర్వాత కొట్టుకునేవాళ్ళే. అప్పటికి తొమ్మిదిన్నరయింది. బస్సులో నగరం, చెరుకుపల్లి మీదుగా బాపట్ల చేరేసరికి ఎంతవుతుందో ఎవరికీ తెలియదు. ఆ పోటీల్లో ఉన్నవాళ్ళలో చెంచురామయ్య కూతురు బిందుమాధవి ఒకతె. ముహూర్తానికి పాలు పొంగగానే రైఫిల్ భుజాన వేసుకుని బాపట్ల వెళ్ళిపోయింది. గేజు వెళ్ళకపోతే ఆమె ఫలితమూ లేదు. శత్రువును కారులో ఎక్కించుకోవడం తప్ప చెంచురామయ్యకు దారి లేదు.

ఎక్కేముందు వెంకటరత్నమ్మ అడ్డుపడింది. గృహప్రవేశం నాడు గడప తొక్కినవాళ్ళు ఎంగిలి పడకుండా వెళ్తే ఇంటికి మంచిది కాదంది. మూర్తిగారు మూడుసార్లు వద్దన్నారు, నాలుగోసారి తిన్నారు. జీడిపప్పు ఉప్మా. తింటున్నంతసేపూ ఆవిడ కూతురి గురించి చెప్పింది. జూనియర్లలో దానికి ఇదే ఆఖరి ఏడాది. నాలుగేళ్ళుగా ఒకటి రెండు మార్కుల్లో ఆగిపోతోంది. ఈసారి కూడా అయిదువందల డెబ్భై అయిదు రాకపోతే ఇక రైఫిల్ ముట్టుకోనని తేల్చి చెప్పేసింది. మూర్తిగారు తింటున్న పళ్ళెం పక్కకు జరిపారు. పట్టు కండువా, ఉప్మా, కారు. లోకం దీన్ని ఏమంటుందో ఆయనకు తెలుసు.

కారు చెరుకుపల్లి దారి పట్టింది. వెనక సీట్లో గృహప్రవేశం తాంబూలాల సంచీ పక్కన, తువ్వాలు చుట్టిన ఫ్రేము ఉంది. దాన్ని ఎందుకు దించుకొచ్చాడో చెంచురామయ్య చెప్పలేదు, మూర్తిగారు అడగలేదు. ఆయన జేబురుమాలుతో గేజును అరగదీసినట్టు తుడిచారు. కాడ మెరిసింది కానీ కాడ వెంట పైకి పాకిన ఆముదపు కుంకుమ అంచు అడుగున అలాగే అంటుకుని ఉంది. భూతద్దం ఒళ్ళోనే ఉన్నా, ఆ కోపంలో దాన్ని తీయాలని ఆయనకు తోచలేదు.

బాపట్ల చేరేసరికి కాల్పులు అయిపోయాయి. మార్కుల గదిలో రెండో జడ్జి పౌలు, అక్కడి బళ్ళో డ్రిల్లు మాస్టారు, కాగితాలన్నీ వరసగా పేర్చి ఉంచాడు. అన్నీ సాఫీగా తేలిపోయాయి, ఒక్కటి తప్ప. బిందుమాధవి ఆఖరి గుండు. అప్పటికి ఆమెకు అయిదువందల అరవై అయిదు ఉన్నాయి. చిల్లు సరిగ్గా గీత పక్కన. పదయితే అయిదువందల డెబ్భై అయిదు. తొమ్మిదయితే, తండ్రి ఆగిన చోటే కూతురూ ఆగుతుంది.

మూర్తిగారు కాగితం ముందు కూర్చున్నారు. వెనక చెంచురామయ్య నిలబడ్డాడు, అతని ఊపిరి మూర్తిగారి మెడకు తగులుతోంది. తలుపు దగ్గర బిందుమాధవి, చేతులు కట్టుకుని. పది అంటే ఉప్మా తిని పది వేశాడంటారు. పాతికేళ్ళ పేరు ఒక్క పూట టిఫిన్‌కు పోతుంది. ఆయన కాడను చిల్లులో దింపి, భూతద్దం పెట్టి, కన్ను అలా ఆనించి తీసేశారు.

"తొమ్మిది."

పౌలు కలం ఒక్క క్షణం తటపటాయించి, రాసింది. మూర్తిగారు గేజు పైకి తీశారు. చిల్లు చుట్టూ సన్నటి ఎర్రటి వలయం ముద్ర పడి ఉంది. నల్ల కాగితం మీద పది మార్కుల తెల్ల గీత. ఆ తెల్ల గీత మీద కుంకుమ.

పౌలు మెల్లగా, ఒక్కసారి చూడమన్నాడు. ఒకసారి దింపిన చిల్లులో రెండోసారి గేజు దింపకూడదని మూర్తిగారు యాంత్రికంగా నియమం అప్పజెప్పారు.

"దింపక్కర్లేదండి. అచ్చు పడింది," అన్నాడు పౌలు.

చెంచురామయ్య నోరు తెరిచాడు. ఇరవై ఒక్క ఏళ్ళుగా దాచుకున్నదంతా ఒక్కసారిగా వచ్చేదే. కానీ అతని కంటే ముందు బిందుమాధవి బల్ల దగ్గరికి వచ్చింది.

"ఆ గుండు కాల్చింది నేనండి. మీరు చూసింది మా నాన్నని."

మూర్తిగారు తలెత్తలేదు. ఆమె తండ్రి వైపు తిరిగింది.

"నువ్వూ అంతే నాన్నా. నాలుగేళ్ళుగా నేను కాల్చేది నా కాగితం కాదు, నీ గోడ మీది కాగితం. ట్రిగ్గర్ మీద వేలు పెడితే అదే కనపడుతుంది. అందుకే ఆగిపోతున్నా."

మూర్తిగారు భూతద్దం మళ్ళీ తీసి, ఆ వలయాన్ని నిమిషం పైగా చూశారు. ఆయనకు విపరీతంగా కోపం వచ్చింది. పొద్దున్నుంచి వచ్చిన కోపాలన్నీ ఒకెత్తు, ఇదొకెత్తు. భార్య మీద వేద్దామంటే కుదరదు, ఉషశ్రీ మీద కుదరదు, వెనక నిలబడ్డవాడి మీద అసలే కుదరదు. జీవితంలో మొదటిసారి ఆయన కోపానికి ఆయన తప్ప వేరే దిక్కు లేకపోయింది.

తొమ్మిది కొట్టేసి పది రాయమని, పక్కన 'జడ్జి పొరపాటు' అని కూడా రాయమని పౌలుతో చెప్పారు. ఆపైన లేచి, ముందు ఆ అమ్మాయి వైపూ తర్వాత ఆమె తండ్రి వైపూ తిరిగి, రెండు చేతులూ పైకెత్తి పది వేళ్ళూ చాచి చూపించారు. పెళ్ళిళ్ళలో తొమ్మిది వేళ్ళు చూపించడం అలవాటైన చెంచురామయ్యకు ఆ భాష వేరే చెప్పనక్కర్లేదు.

అక్కడితో ఆగవచ్చు. చెంచురామయ్య ఆగలేదు. కారు దగ్గరికి పరిగెత్తి ఫ్రేము పట్టుకొచ్చాడు. ఈ రోజు తప్పు చెప్పిన నోరు ఆ రోజు మాత్రం ఒప్పు ఎలా చెబుతుంది, ఇదీ తేల్చమన్నాడు. మూర్తిగారు మళ్ళీ నియమం ఎత్తబోయారు. అది పోటీ కాగితం కాదు, ఇప్పుడది గోడకు తగిలించే పటమని బిందుమాధవి గుర్తు చేసింది.

"చూసెయ్యండి మాస్టారూ. నాకీ పీడ వదులుతుంది," అంది.

మూర్తిగారు కుంకుమ కావాలన్నారు. తాంబూలాల సంచీలో పొట్లాలకు కొదవలేదు. చిటికెడు కుంకుమలో రెండు చుక్కల నీళ్ళు వేసి, ఆయనే స్వయంగా అంచు అడుగున సన్నగా రాశారు. ఫ్రేము విప్పి, పసుపెక్కిన కాగితం బయటికి తీసి, ఊపిరి బిగబట్టి గేజు దింపారు. ఈసారి తొందరపడలేదు. తీశాక కాగితాన్ని, భూతద్దాన్ని కలిపి చెంచురామయ్యకే ఇచ్చేశారు.

ఎర్ర వలయం ఉంది. తెల్ల గీత ఉంది. రెండింటి మధ్య నల్లగా వెంట్రుకంత సందు ఉంది.

చెంచురామయ్య కాగితం తిప్పి చూశాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. ఇరవై ఒక్క ఏళ్ళు సాకిన కోపం ఒక్క వెంట్రుకంత సందులోంచి జారిపోతుంటే అతని ముఖం చూడటానికి మూర్తిగారికే కష్టంగా ఉంది. చివరికి, చిన్నపిల్లాడిలా అడిగాడు.

"సుమారుగా తాకినట్టే ఉంది కదండీ?"

పౌలు కళ్ళు మూసుకున్నాడు. ఆ మాట విన్నాక మూర్తిగారు ఏం చేస్తారో జిల్లాలో అందరికీ తెలుసు. మూర్తిగారు ఆ మనిషిని, తలుపు దగ్గర నవ్వాపుకుంటున్న అమ్మాయిని, భుజాన ఇంకా ఉన్న పట్టు కండువాను చూశారు.

"సుమారుగా అయితే తాకిందండి," అన్నారు.

సాయంత్రానికి తెనాలి చేరి, గేజును వేడినీళ్ళతో కడిగి, తుడిచి, పెట్టెలో పెట్టకుండా భార్య ముందుకు చాచి, శుక్రవారానికి కావాలా అని అడిగారు. భ్రమరాంబగారు అక్కర్లేదన్నారు. పెన్ను మూతతో ఇంకా బాగా వస్తున్నాయట.

బిందుమాధవి రాష్ట్ర జట్టులోకి వెళ్ళింది. చెంచురామయ్య హాల్లో ఆ ఫ్రేము ఇప్పటికీ గోడకే ఉంది, ఈసారి వంకర లేకుండా. కాగితం నడుమ ఎర్రగా అదేంటని అడిగిన చుట్టాలకు మాత్రం, గృహప్రవేశం నాడు పెట్టిన బొట్టని చెబుతున్నాడట.